మధ్యలో గోడ ఉన్న ఎయిర్ ఫ్రయ్యర్

ప్లేనో

వేణూ,

రెండు అరల ఎయిర్ ఫ్రయ్యర్ కొనొచ్చా అని అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే మీ అమ్మగారు నా పక్కనే ఉంటున్నారు. అందుకే రాస్తున్నాను.

యంత్రం మంచిదే. ఒకవైపు బెండకాయ, ఇంకోవైపు చికెన్ ఒకేసారి వేగుతాయని చదివి, మీ అక్క శాకాహారం, నా కక్కుర్తి ఒకే ఇంట్లో ఇముడుతాయని మురిసిపోయి కొన్నాను. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లాగా దేని దారి దానిదేనని, మధ్యలో ఉన్న రేకు చూపించి అత్తయ్యగారికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఆవిడ తలుపు తీసి చూశారు. "గోడ సరే అల్లుడుగారూ, లోపల తిరిగే గాలి ఒక్కటేగా?" అన్నారు.

ఇంజినీరునని చెప్పుకు తిరిగే నేను అప్పుడు మాన్యువల్ తీశాను. గాలి ఒక్కటే.

ఇప్పుడు ఎడమ అరలో ఆవిడ వంకాయ, కుడి అరలో దొండకాయ వేగుతున్నాయి. రెండూ బ్రహ్మాండంగా ఉంటున్నాయి. నేను చికెన్ బయట కొనుక్కుని, షాపు ముందు కార్‌లో కూర్చుని తింటున్నాను.

నువ్వు మాత్రం కొనకు. వచ్చే నెల ఆష్‌బర్న్ వస్తూ ఆవిడ దీన్నే మీ ఇంటికి తెస్తున్నారు. నువ్వూ చికెన్ తింటావని నేనింకా చెప్పలేదు. కారు శుభ్రం చేసి ఉంచుకో.

మీ బావ