తుపాకీ సూది

ఫిబ్రవరి 9

తుపాకీ సూది దొరికింది! ముసలి కాంపౌండరు ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాతసామాన్ల కొట్లో పడేశాడట. సొట్టపోయిన గిన్నెలు, విరిగిన కుర్చీ, వాటి మధ్య ఇది. బేరం కూడా ఆడకుండా ఎత్తుకొచ్చేశాను.

అచ్చం పిస్తోలే. లోపల గాజు సిరంజి పెట్టి, స్ప్రింగ్ వెనక్కి లాగి, తొడకు ఆనించి మీట నొక్కితే సూది ఎగిరొచ్చి దిగుతుంది. సూదంటే భయపడే పిల్లల కోసం చేశారట. తుపాకీ చూపిస్తే పిల్లలకు భయం పోతుందనుకున్న మహానుభావుడు ఎవడో గానీ, వాడి తొడ మీద పూటపూటా పేల్చాలి.

మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేది. నాకప్పుడు ఏడేళ్ళు, అప్పటికే షుగర్. అమ్మ కాళ్ళు పట్టుకునేది, నాన్న పేల్చేవాడు. ఒకసారి ఆయన బొటనవేలు కొరికేశాను. గోరు ఊడి నా నోట్లోకొచ్చింది. నాన్న నన్ను కొట్టలేదు. రెండో చేత్తో మీట నొక్కాడు.

స్ప్రింగ్ తుప్పు పట్టింది. అయినా అలమరలో మధ్య అర దీనిదే. అన్నిటికీ రాసినట్టే దీనికీ చీటీ రాశాను: పేరు, దేనికి, ఎప్పటిది. చివర్లో "పనిచేయదు".

ఫిబ్రవరి 10

మా ఆయన ఈ అలమరకి ఆయుధాగారమని పేరు పెట్టాడు. తప్పేముంది. పై అరలో సూదులు, ఒక్కోటి మేకంత. మొద్దుబారితే సానరాయి మీద అరగదీసి మళ్ళీ దాంతోనే పొడిచేవాళ్ళు. కింద గాజు సిరంజిలు, వాటిని మరగబెట్టే స్టీలు డబ్బా. ఆ పక్కన పరీక్ష గొట్టాలు. మూత్రంలో నీలం మందు కలిపి దీపం మీద కాచేవాళ్ళు. నీలంగానే ఉంటే బతికిపోయినట్టు. ఎర్రబడితే ఎక్కడ దొంగతిండి తిన్నావని వీపు పగిలేది. మా ఇంట్లో మాత్రం అంతే. ఆ తర్వాత రాయంత బరువుండే మొదటి మీటరు. ఆ తర్వాత ఇన్సులిన్ పెన్నులు.

ఇప్పుడు డాక్టరమ్మ సెన్సర్ అంటోంది. కోటు గుండీ అంత ఉంటుంది, భుజానికి అంటించుకోవాలి. షుగర్ పడిపోతుంటే ఫోన్ మోగుతుందట. నాకక్కర్లేదన్నాను. నా ఒంటికి కాపలా కుక్కెందుకు? మా ఆయన ఉన్నాడుగా.

ఫిబ్రవరి 22

ఆయన మెడ మీద గోళ్ళ గీతలు. చొక్కా కాలరుకు రక్తం. నేనేనట.

నాకు గుర్తులేదు. ఎప్పుడూ గుర్తుండదు. షుగర్ పడిపోతే నేను నేను కాదు. దగ్గరికొచ్చిన మనిషిని కొడతాను, కొరుకుతాను, తంతాను. పంచదార నీళ్ళు గొంతులో పడ్డాక మెల్లగా ఈ లోకంలోకి వస్తాను. పెళ్ళైన కొత్తలో ఆయన పన్ను ఒకటి కదిలింది. కిందటేడు చెయ్యి బెణికింది.

మీకు ముందే ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. నువ్వు నన్ను "ఏంట్రా" అన్నావంటే పంచదార డబ్బా తీయాలని అర్థం అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక, ఆ సెన్సరేదో పెట్టించుకోవే, నేను కొట్లో ఉన్నప్పుడు పడిపోతే ఎవరు చూస్తారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాతో వేగలేకపోతే మొహం మీదే చెప్పేయండి అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

మార్చి 14

అత్తయ్య వచ్చింది. కొడుకు మెడ మీద మానిన గీతలు చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వాడు గడియారాలు బాగుచేసి బతికేవాడు, కళ్ళూ చేతులే వాడి ఆస్తి, అవి జాగ్రత్త అంది. ఏదో నేను రౌడీనైనట్టు!

ఏప్రిల్ 2

నా పుట్టినరోజు. ఆయన తుపాకీ బాగుచేసి ఇచ్చాడు.

గోడగడియారం స్ప్రింగ్ కోసి వేశాడట. రోజూ కొట్టు కట్టేశాక కూర్చుని చేశాడట. దిండు మీద పేల్చి చూశాం. సూది దిండును దాటి కింద బల్లలో దిగబడింది. లాగితే రాలేదు, పట్టకారు తేవాల్సొచ్చింది. కాస్త ఎక్కువైందే, మెత్తటి స్ప్రింగ్ వేస్తానన్నాడు. వద్దు, పేలితే ఇలా పేలాలి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ గాజు అద్దాల కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోడు, గీతలు పడితే చిన్న పళ్ళచక్రాలు కనబడవని.

చీటీలో "పనిచేయదు" కొట్టేసి "పనిచేస్తుంది" అని రాశాను. సిరంజీ సూదీ ఎక్కించి, స్ప్రింగ్ వెనక్కి లాగి ఉంచాను. అలా ఉంటేనే అందం.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం

సూది వేసుకున్నాను. ఆయన బయల్దేరుతున్నానని ఫోన్ చేశాడు. కలిసి తిందామని ఆగాను. ఈలోపు ఆయుధాగారం దుమ్ము దులుపుతున్నాను.

ఇంకాసేపటికి

రాలేదు. ఎవరికోసమో కొట్టు తెరిచి ఉంటాడు. వాడి గడియారాలు తగలెయ్య.

చెమట. ఈ గది ఎవరిది. సూదులన్నీ నావైపే తిరిగున్నాయి. ఎవరు తిప్పారు.

తలుపు చప్పుడు. నాన్నే. చేతిలో గ్లాసు. అందులో ఏం కలిపావురా. అమ్మని పిలుస్తాడు, కాళ్ళు పట్టుకోమంటాడు. ఈసారి తుపాకీ నా దగ్గరుంది. రారా. రా

ఏప్రిల్ 20

కుడి కన్ను.

ఏప్రిల్ 21

ఎలా జరిగిందో ఆయనే చెప్పాడు, ఆస్పత్రి మంచం మీద నుంచి, కట్టుతో. గ్లాసు నా నోటికి ఆనించడానికి వంగాడట. నేను తుపాకీ కళ్ళజోడుకి ఆనించి మీట నొక్కానట. అద్దం బద్దలై కంట్లో గుచ్చుకుంది. సూది కనుబొమలో దిగి విరిగింది. రక్తం కారుతుండగానే నన్ను కింద పడేసి, మోకాలితో అదిమి, నోరు తెరిచి నీళ్ళు పోశాడు. నేను మనిషినయ్యాకే అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

ముందు మీ కన్ను చూసుకోవద్దా, బుద్ధుందా మీకు అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. కన్ను ఆగుతుంది, నువ్వు ఆగవుగా అన్నాడు. తప్పు నాదే, స్ప్రింగ్ ఎక్కువైందన్నాడు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఏప్రిల్ 24

అత్తయ్య సుత్తి తీసుకుని వచ్చింది. నేరుగా అలమర దగ్గరికి వెళ్ళింది. అలమర అద్దం పగలగొట్టింది. సిరంజిలు, గొట్టాలు, మీటరు ఒక్కొక్కటే నేలకేసి కొట్టింది. అరచెయ్యి తెగినా ఆగలేదు. నేను అడ్డం వెళ్ళలేదు. తుపాకీ ఆమెకు లొంగలేదు, ఇనుము కదా. అప్పుడు సుత్తి నేను తీసుకున్నాను. మీట విరిగి, గొట్టం అణిగి, స్ప్రింగ్ ఎగిరి నా చెంప కోసేదాకా కొట్టాను. తర్వాత ఇద్దరం గాజుపెంకులు ఎత్తాం. ఆమె చేతికి నేను కట్టు కట్టాను. కట్టించుకుంది గానీ నా మొహం చూడలేదు.

మే 19

కుట్లు తీశారు. వెలుతురు తెలుస్తుందట, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. కొట్లో ఆయన భూతద్దం ఎడమ కంటికి పెట్టుకుని పళ్ళచక్రం అందుకోబోతే పట్టకారు పక్కన పడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ పడింది. నేను చూస్తున్నానని తెలిసి, ఇదింకా అప్రెంటిసు కన్ను అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, సెన్సర్ అంటించమని జాకెట్టు చెయ్యి పైకి మడిచాను.

జూన్ 6

ఫోన్ మోగింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. పంచదార నీళ్ళు నేనే కలుపుకుని తాగాను. ఆయన ఫోన్ కూడా మోగిందట, కొట్టు వదిలేసి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నన్ను చూసి, గుమ్మంలోనే ఆగి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అలవాటు.

జూన్ 7

ఖాళీ అలమర. మధ్య అరలో ఆయన పాత కళ్ళజోడు పెట్టాను, కుడి అద్దం లేనిది. చీటీ:

షుగర్ పడిపోతే పసిగట్టే పరికరం. పెళ్ళైన నాటి నుంచి ఈ ఏప్రిల్ దాకా వాడాను. ఎంత కొట్టినా పనిచేసింది.