పికప్‌కు కొత్త డిస్కులు

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మొన్న ఖమ్మంల నా పికప్‌కు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు మార్పిచ్చిన. లోడుకు ఆగే మంచి రకం వేపిచ్చిన. టేకులపల్లిల నీ షెడ్డు మూతపడ్డంక బండిని ఇంకో మేస్త్రీకి చూపెట్టుడు ఇదే మొదలు.

ఆయన చక్రం ఊడదీసి పాత డిస్కు నా చేతిల పెట్టిండు. పళ్లెం లెక్క పల్చగైంది.

"గిది బండితోని వచ్చిన డిస్కే. లేతు మిషన్ మీద చెక్కిచ్చి చెక్కిచ్చి మళ్ల గిదే బిగిచ్చిండ్రు. మిర్చి బస్తాలు ఏసుకొని గీ బ్రేకుల మీద ఎట్ల తిరిగినవ్?" అన్నడు.

రెండేళ్ల కింద కొత్తయి ఏసిన అని చెప్పింది నువ్వే గద. నీ మాట మీదనే అడవి దిగుళ్లల్ల నిండు లోడు తోలిన.

పొద్దున అక్కను ఎక్కిచ్చుకొని నీ సమాధి కాడికి పోయిన. ఒళ్లె బంతిపూలు పెట్టుకొని పక్కన కూసున్నది. దిగుడు కాడ బ్రేకు తొక్కితే బండి మెత్తగ ఆగింది.

"ఈ బండి ఎక్కుడు నాకు ఇదే మొదలురా," అన్నది. "మీ బావ ఎన్నడు ఎక్కనియ్యలే. బస్సుకు పో, తమ్మునికి పని చెడగొట్టకు అంటుండె. నువ్వంటే గంత పాయిరం ఆయనకు."

అవ్ అక్కా అన్న. అక్కను ఎక్కనియ్యలేదంటే, బ్రేకుల సంగతి నీకు ఎప్పుడూ యాదిలనే ఉండె.

పూలు అక్క ఒక్కతే పెట్టొచ్చింది. నేను బండి దిగలే.