తాడు దాటినందుకు

మే 17, ఆదివారం
ఉదయం

చిరంజీవి బిస్కెట్ల అమ్మాయికి,

మీ మాస్టారు ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు. నేను క్షేమంగా లేనని తెలిసినా సంతోషపడే రకం కాదు నువ్వు, అదీ తెలుసు. కాబట్టి ఆ వాక్యాన్ని ఇద్దరం కలిసి కొట్టేద్దాం.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా రెండో మాటకే నేను అరుస్తాను. కాగితం మీద అరవడానికి వీల్లేదు, అందుకని ఇది.

ముందు వార్తలు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి మూడు వారాలైంది. ఆ పిల్ల అబద్ధం ఆడదు అని నీ గురించి ఒక్క మాట అంది, అంతే. కంచం బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది. శిక్షణకి వదిలే వెనక గదుల్లో ఇప్పుడు మూడే కుక్కలున్నాయి, కొత్తవాళ్లెవరూ రావడం లేదు. నువ్వు సంతోషపడితే పడు, నేనేం అనుకోను. కొంచెం అనుకుంటాను.

వచ్చే బుధవారం విచారణకి మన శిక్షకుల సంఘం వాళ్లు నిన్ను పిలిచారని తెలుసు. తెలియకపోవడమేం, ఆ ఫిర్యాదు రాసిందే నేను. పెద్ద శిక్షకుడి మీద నలుగురిలో అబద్ధపు నింద వేసింది, శిక్షణ జరుగుతుండగా తాడు దాటింది, కాబట్టి తరగతులు నడుపుకునే అనుమతి రద్దు చేయండి అని రెండు పేజీలు రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. గొలుసు ముట్టకుండా బిస్కెట్లు పెట్టి నేర్పే నీ తరగతికి వచ్చే పదహారు కుక్కలూ, వాటిమీద నడిచే నీ ఇల్లూ ఇప్పుడు ఆ రెండు పేజీల కింద ఉన్నాయి.

నీకు తెలియనిదేమీ కాదు గానీ, ఈ ఉత్తరం ఇంకొకళ్లు కూడా చదవాల్సి రావచ్చు. అందుకని మొదట్నుంచీ చెబుతాను.

మన శిబిరాల్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి గంటలోనే జనంలోంచి ఒక మొండి కుక్కని పిలుస్తాం. యజమాని దాన్ని నా చేతికిచ్చి, బరి చుట్టూ కట్టిన తాడు అవతలికి వెళ్లిపోతాడు. పది నిమిషాల్లో దాన్ని దారిలో పెట్టి చూపిస్తే, మిగతా రోజంతా జనం నోరెత్తరు. మాస్టారు బరిలో ఉండగా తాడు దాటినవాళ్లు మళ్లీ శిబిరం మొహం చూడకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ముప్పయ్యేళ్లలో దాటింది నువ్వొక్కదానివే.

ఆ ఆదివారం వచ్చింది లాండ్రీ ఆయన కుక్క. గోధుమరంగుది, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉండేది. కొట్టుకి వచ్చిన ప్రతి మనిషి మీదా మొరిగి బేరాలు చెడగొడుతోందని, పది రోజులు నా దగ్గరే ఉంచుకుని బుద్ధి నేర్పమని తెచ్చాడు. అది మొండిదేం కాదు, ఉత్త పిరికిది. చూడగానే నాకు తెలిసింది. తెలిసీ ఎందుకు పిలిచారంటావు. పిరికి కుక్క బాగా మొరుగుతుంది. బాగా మొరిగేదాని నోరు మూయిస్తే చప్పట్లు బాగా పడతాయి. ఈ కిటుకు ఏ శిష్యుడికీ చెప్పలేదు.

ఇక గొలుసు. మెడకి గొలుసు వేయడంలో ఒక వాటం ఉంది. సరిగ్గా వేస్తే, లాగి వదలగానే దానంతటదే సడలుతుంది. తిరగేసి వేస్తే, వదిలినా సడలదు, లాగిన కొద్దీ బిగుస్తూ పోతుంది. నువ్వు నా దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన మొదటి వారంలో ఒకసారి తిరగేసి వేస్తే, అదే గొలుసు నీ మెడకి వేసి చూపించాను. నువ్వు ఏడ్చావు. నేను నవ్వాను. పాఠం అంటే అలా ఉండాలని అందరితో చెప్పుకున్నాను కూడా.

ఆ ఆదివారం నేను తిరగేసి వేశాను. మైకు పట్టుకుని, జనాన్ని నవ్విస్తూ, చూడకుండా వేశాను. మూడోసారి లాగేసరికి నువ్వు లేచి నిలబడ్డావు. మాస్టారూ, గొలుసు తిరగబడింది, ఒక్కసారి చూడండి అన్నావు. మెల్లగానే అన్నావు, నా పరువు కాపాడుతూనే అన్నావు. వినబడనట్టు నటించాను. రెండోసారి గట్టిగా అన్నావు. ఏం అమ్మాయ్, బిస్కెట్లు అయిపోయాయా అని మైకులో అడిగాను. రెండువందల మంది గొల్లుమన్నారు. అప్పుడు తాడు కిందనుంచి దూరి వచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. అది మాట వినడం కాదు, ఊపిరాడక బిగుసుకుపోయింది, చిగుళ్లు చూడండి నల్లబడ్డాయి అన్నావు.

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు వేళ్లు పెట్టి సడలిస్తే సరిపోయేది. కానీ సడలిస్తే, మాస్టారికి గొలుసు వేయడమే రాదని అందరికీ తెలిసిపోతుంది. ఇంకోసారి లాగాను. కుక్క కదలకుండా కూర్చుంది. చప్పట్లు కొట్టారు. మన సహాయకులు ఇద్దరు నీ రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లారు. జనం దానికీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్న కుక్క పోయింది. వడదెబ్బ అని లాండ్రీ ఆయనకి చెప్పాను. పశువుల డాక్టరు నాకు పాత స్నేహితుడు, దాని మెడ మీద చెయ్యి కూడా వేయకుండా వడదెబ్బ అని రాసిచ్చాడు. లాండ్రీ ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, శ్రమ ఇచ్చానని నాకే దణ్ణం పెట్టి వెళ్లాడు. నువ్వు మాత్రం ఊరుకోలేదు. గొలుసే చంపిందని సంఘానికి రాశావు. దానికి జవాబే నా రెండు పేజీలు.

మొన్న గురువారం ఒకావిడ తన కుక్కని తెచ్చి, గొలుసు ఎటునుంచి వేయాలో చూపించమంది. చేతిలోకి తీసుకున్నాను. నా వేళ్లు కదల్లేదమ్మాయ్. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను. ఆ సాయంత్రమే నీకు రాయాలనుకున్నాను. రాయడానికి ఇంకో మూడు రోజులు పట్టింది, నా సంగతి నీకు తెలుసుగా, పుట్టుకతో వచ్చిన బుద్ధి.

బుధవారం నేనూ వస్తున్నాను. గొలుసు తిరగబడిన మాట నిజమని, ఆ అమ్మాయి చూసిందే చెప్పిందని అంటాను. పొరపాటు జరిగిందని ఒప్పుకుంటాను. ఎంతటివాడికైనా చెయ్యి తప్పుతుంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, నీ తరగతులు నీకుంటాయి. శిబిరాలు ఇక పెట్టను, ఒంట్లో ఓపికా లేదు. క్షమాపణ అనే మాట నా నోటికి అలవాటు లేదు. ఉన్నట్టే అనుకో.

ఇట్లు,
నీ చేత మాట పడాల్సిన
మీ మాస్టారు

తా.క.: కవరు అంటించాను. అంటించినదాన్ని మళ్లీ చింపాను. పైన రాసిందంతా చదివితే, పాపం పెద్దాయన పొరపాటు ఒప్పుకున్నాడు అనిపిస్తుంది. అలా అనిపించాలనే రాశాను.

ఆ కుక్కని చంపింది తిరగబడిన గొలుసు కాదు, అది పోయింది మర్నాడు పొద్దునా కాదు. నిన్ను గేటు దాటించగానే గొలుసు తీసేశాను. నువ్వు పరువు తీశావని ఆట త్వరగా ముగించాను, దానివల్లే అది బతికింది. నీడలో పడుకుని కాసేపు దగ్గింది. అరగంటకి లేచి నీళ్లు తాగింది. చిగుళ్లకి మళ్లీ రంగొచ్చింది. నువ్వు దాన్ని కాపాడావు, ఆ సంగతి ఇన్నాళ్లూ నీకు తెలియనివ్వలేదు.

సాయంత్రం ఐదింటికి జనం వెళ్లిపోయారు, కుర్చీలు సర్దేవాళ్లూ వెళ్లారు. దాన్ని మళ్లీ బరిలోకి తీసుకొచ్చాను. ఈసారి గొలుసు సరిగ్గానే వేశాను, రెండుసార్లు చూసుకుని మరీ వేశాను. కూర్చో అన్నాను. ఒక్క మాటకే కూర్చుంది. లే అంటే లేచింది. నేర్పడానికి ఏమీ మిగల్లేదు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే జరిగింది. నువ్వు పట్టుకున్న చెయ్యి ఇంకా మండుతోంది నాకు. లాగాను. వదిలితే సడలే గొలుసే. నేను వదల్లేదు.

బుధవారం నలుగురి ముందు నిలబడ్డాక మళ్లీ పొరపాటు అనే అంటానేమో, నా నోటి మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఇది నీ చేతిలో ఉండాలి. ఈ ముక్క చింపకుండా మొత్తం వాళ్లకివ్వు. ముసలాడు కదా అని జాలిపడి దాచకు.

లాండ్రీ ఆయనకి కూడా చదివి వినిపించు. ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే ఆయన ఫోన్ చేశాడు. కుక్క నా కాళ్ల దగ్గరే ఉంది, గోనెపట్టా కప్పాను. కొత్త చోటు కదా మాస్టారూ, మా పిల్ల ఏమైనా తిన్నదా అని అడిగాడు. కడుపునిండా తిన్నదని చెప్పాను.