చింతపండు లేని సంచి

శుక్రవారం, అల్ కుసైస్

ఇవాళ మాణిక్యం మామ్మగారు నడిచారు!

బాత్రూంలో పడిన దగ్గర్నుంచి ఎవరూ పట్టుకోకుండా ఆవిడ ఒక్క అడుగు వేయలేదు. ఎముకకేం కాలేదని డాక్టరు చెప్పినా భయం. కూతురు సుజాతక్క నర్సు డ్యూటీ నుంచి వచ్చేదాకా మంచం మీదే. ఇలాగైతే అమ్మని ఈ గల్ఫ్ నుంచి పంపేసి మన ఊళ్లో ఏదైనా ఆశ్రమంలో చేర్చాలేమో అని పోయినవారం అక్క ఏడ్చింది. చర్చి తరఫున ప్రతి శుక్రవారం నేను వెళ్లి మామ్మగారికి కీర్తనలు చదువుతున్నాను.

ఈసారి నా చేతిలో సరుకుల సంచి కూడా ఉంది. పై అంతస్తులో ఉద్యోగం పోయినవాళ్లకి ఇవ్వాలి. మామ్మగారు అది విప్పించి చూశారు.

"బియ్యం, కందిపప్పు, నూనె... చింతపండేదే?"

"లిస్టులో లేదు మామ్మగారూ."

"ఆ లిస్టు రాసినోళ్లు జన్మలో పప్పుచారు తాగలేదా? ఉండు!"

గోడ పట్టుకుని లేచారు. సాయం వెళ్లబోయి ఆగిపోయాను. పలకరిస్తే భయం గుర్తొస్తుందేమో! వంటింటిదాకా తొమ్మిది అడుగులు. అమలాపురం నుంచి తెచ్చుకున్న డబ్బా తీసి, ఈనెలు తీసిన చింతపండు ఉండచేసి నా చేతిలో పెట్టారు. అప్పుడు చూసుకున్నారు కాళ్లని.

"ఓసినీ, నేనే వచ్చానా?"

చింతపండులోని నారపోగుల్ని మామ్మగారు ఈనెలు అన్నారు. ఎంత బాగుందీ మాట! నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అక్కకి ఫోన్ చేస్తే మళ్లీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ.

కానీ వచ్చేవారం కూడా లేస్తారా? సంచి నేనే సర్దుతానని పాస్టరుగారికి చెప్పేశాను. ఉప్పు ప్యాకెట్ మాత్రం సంచిలో పెట్టను, మామ్మగారు "ఉప్పేదే?" అని లేచేదాకా నా స్కూల్ బ్యాగులో దాస్తాను.