అర్జీ రాసిన చెయ్యి

ఖైతాన్,
జూలై 1998.

చిరంజీవి సూర్యకిరణ్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాము. క్షేమమా కాదా అన్నది ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

మాగాయ చేరిందా అని అడగనక్కర్లేదు. సీసా ఖాళీ అయిందని రాశావుగా. నీ వ్యాసం ఎలా ఉందని అడిగావు. బాగుంది. జాన్ క్విన్సీ ఆడమ్స్ అధ్యక్ష పదవి చేసి దిగాక మామూలు సభ్యుడిగా కాంగ్రెసుకు వెళ్ళడం చదివితే మీ నాన్న నవ్వారు. "మన సర్పంచి ఓడిపోతే వీధిలోకే రాడు!" అన్నారు. బానిసత్వం వద్దన్న అర్జీలు సభలో చదవనే కూడదని నియమం పెడితే, అది రద్దయ్యేదాకా ఆ ముసలాయన ఏళ్ళ తరబడి పోరాడాడన్న చోట మాత్రం నవ్వలేదు.

ఇక ఈ అరబ్బు దేశపు సంగతి. మీ నాన్న పనిచేసే షుఐబా సైటులో మిట్టమధ్యాహ్నం మన కూలీ సుబ్బన్న ఎండకు పడిపోయాడు. మధ్యాహ్నం పని ఆపి నీడ చూపించమని మనవాళ్ళు అర్జీ టైపు చేయించి మేనేజరు బల్ల మీద పెట్టారు. కింద ఎవరి పేరూ లేదు. ముందు పేరున్నవాడే ముందు విమానం ఎక్కుతాడని అందరికీ భయం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు గనుక వాళ్ళలో గంగాధరే రాశాడని మేనేజరు పట్టుబట్టాడు. ఫోర్‌మన్‌ కాబట్టి నిజం రాబట్టమని మీ నాన్నకు చెప్పాడు. లేకపోతే శనివారం గంగాధర ఇంటికే.

అది రాసింది నేను, నాయనా.

మీ నాన్న డ్యూటీలో ఉండగా గంగాధర వచ్చి, "వదినా, మా బాధ కాస్త ఇంగ్లీషులో పెట్టండి. మేం రాత్తే ఆళ్ళు నవ్వుతారు" అన్నాడు. నీ వ్యాసం ఇంకా బల్ల మీదే ఉంది. కాదనలేకపోయాను. శనివారం పొద్దున్న మీ నాన్న బూట్లు వేసుకుంటుంటే చెప్పేశాను.

"నువ్వా? నువ్విక్కడ ఉండే ఇఖామా నా ఉద్యోగం మీదుందే! నాది పోతే నీదీ పోద్ది."

"తెలుసండి."

"తెలిసే రాశావా?"

"గంగాధరని పంపేస్తే మనకి అన్నం దిగుద్దా?"

ఆయన రెండో బూటు లేసు కట్టుకుని లేచారు. "చీర మార్చుకో. రాసినదానివి నువ్వే చదువుదువుగాని."

మేనేజరు గదిలో నిలబడి, రాసింది నేనేనని చెప్పి, చదివాను. మధ్యలో ఒకసారి ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. మేనేజరు గంగాధర పాస్‌పోర్టు తిరిగి సొరుగులో పడేసి, మీ నాన్న వంక చూసి పేరు పెట్టి, "దొరబాబూ, ఈ నెలతో నీ పని ఖలాస్" అన్నాడు. నీడ సంగతి తేల్చలేదు. అర్జీ కాగితం మాత్రం నా చేతిలోంచి తీసుకున్నాడు.

నీ కాలేజీ దగ్గర మా ఇద్దరికీ సరిపడా ఒక వాటా చూడు. మెట్లు తక్కువుండాలి, మీ నాన్న మోకాళ్ళు నీకు తెలుసుగా.

తిరిగొచ్చేటప్పుడు కారు మీ నాన్నే నడిపారు. ఖైతాన్ మలుపు దగ్గర, "ఇంకాస్త గట్టిగా చదవాల్సింది. మనోళ్ళంతా కిటికీ బయటే ఉన్నారు" అన్నారు.

ఇట్లు,
నీ రాకకు కాదు, తన రాకకు రోజులు లెక్కపెట్టుకుంటున్న
అమ్మ,
సత్యశ్రీ