మోటారు ఆగితే

ప్రియమైన అల్లుడుగారికి,

మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. ఫోనులో చెబుదామంటే మధ్యలో మా అమ్మాయి దూరి నా మాట నన్ను పూర్తి చెయ్యనివ్వదు. అందుకే ఈ ఉత్తరం.

మన లాండ్రీ బావినీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయి. మొదట నా ముక్కునే అనుమానించాను. ఉతికి పంపిన దుప్పట్లు కంపు కొడుతున్నాయని ఆసుపత్రివాళ్లు తిప్పి పంపేసరికి ముక్కు తప్పేం లేదని తేలింది. పక్కనున్న పెట్రోలు బంకులో, భూమిలో పాతిన ట్యాంకు ఎప్పటినుంచో కారుతోందట. బంకాయన మంచివాడే పాపం, తలొంచుకుని వచ్చి "ఖర్చంతా నాదేనమ్మా" అన్నాడు. నీటి శాఖ అధికారి మాత్రం, పాడైన మట్టంతా తవ్వి తీసెయ్యాలంటున్నాడు. ఆ మట్టి ఉన్నది నేను దుప్పట్లు ఆరేసే పెరడు కింద, ఇస్త్రీ గది కింద. అంటే లాండ్రీ పడగొట్టాలన్నమాట. నాతో పనిచేసే ఆడవాళ్లంతా నా మొహంకేసి చూస్తున్నారు.

వేరే దారులూ ఉన్నాయని ఆయనే నసిగాడు. మీ ఉద్యోగమే ఇది కదా, కాస్త విడమరిచి చెప్పండి. నా లాండ్రీ నిలిచే దారి ఉంటే ముందు అది చెప్పండి.

ఎప్పుడూ మీకేదో ఒక పని చెప్పే,
మీ అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యగారికి,

ముందు బావి మోటారు ఆపెయ్యండి. మోటారు గదిలో పెట్రోలు ఆవిరి నిండి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ నీళ్లు తాగొద్దు, వాడొద్దు.

దారులు మూడున్నాయి. మీ అధికారి చెప్పినట్టు తవ్వెయ్యడం ఒకటి. త్వరగా అయిపోతుంది, పెరడు మాత్రం దక్కదు. లేదంటే నీళ్లు తోడి, బొగ్గు నింపిన పెద్ద పీపాల గుండా పంపి శుభ్రం చెయ్యొచ్చు. దానికి ఏళ్లు పడుతుంది, పీపాలకి చోటూ కావాలి. ఇక మూడోది, సన్న గొట్టాలతో భూమిలోకి గాలి ఊదడం. మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయి. గాలి అందితే అవి పెట్రోలుని తినేస్తాయి. నవ్వకండి, నిజంగానే తింటాయి. మీది ఇసుకనేల, గాలి బాగా ఆడుతుంది. పెరట్లో నాలుగు గొట్టాలు తప్ప ఏమీ కనపడవు. ట్యాంకు పైకి తీశాక అదే మొదలుపెట్టమని అధికారికి రాశాను.

మీ అమ్మాయి ఈ ఉత్తరం లాక్కుని చదివి, "మా అమ్మకి ఇంత పొడుగు రాశావు, నాకెప్పుడైనా రాశావా?" అంటోంది. ఏం జవాబు చెప్పాలో అది కూడా మీరే రాయండి.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడుగారికి,

మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి. తవ్వకం మాట ఎత్తనని అధికారి ఒప్పుకున్నాడు. ట్యాంకు తీసేశారు. గొట్టాలు వచ్చే వారం దించుతారట. అప్పటిదాకా బంకాయన ట్యాంకరుతో నీళ్లు పంపుతున్నాడు.

మోటారు ఆపి రెండు నెలలైంది. విచిత్రం చూశారా, గొట్టాలు దించకుండానే నా బావిలో వాసన సగానికి సగం తగ్గింది! మీ హస్తవాసి ఉత్తరంలోంచే పనిచేస్తోందేమో.

ఒక్క మాట. వెనక వీధి టీచరమ్మ నిన్న వాళ్ల బావినీళ్లు చెంబుతో తెచ్చి, "అక్కా, కాస్త వాసన చూడండి" అంది. చంటిబిడ్డ తల్లి, కంగారు పడుతోంది. నాకు వాసన తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది. ఈమధ్య నాకు అన్నింట్లోనూ పెట్రోలే వస్తోంది లెండి.

మీ మేలు మరవని,
అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యగారికి,

టీచరమ్మని ఆ నీళ్లు ముట్టుకోవద్దనమని మీకు ఫోనులో కంగారుగా చెప్పాను. ఎందుకో స్థిమితంగా రాస్తున్నాను.

భూమిలో నీళ్లు ఒకచోట నిలబడవు, పల్లానికి నడుస్తాయి. బంకు నుంచి పల్లం వెనక వీధి వైపే. ఇన్నాళ్లూ మీ మోటారు పొద్దస్తమానం తోడుతూ ఆ పెట్రోలునంతా మీ బావిలోకి లాక్కుంది. వెనక వీధికి చేరనివ్వలేదు. మీరు దుప్పట్లు ఉతుక్కుంటూనే ఆ వీధిని కాపాడారు. ఆపమన్నది నేను. నిప్పు గురించి ఆలోచించాను గానీ నీళ్లు ఎటు పోతాయో ఆలోచించలేదు. నా పనే ఇది, తలెత్తుకోలేకపోతున్నాను.

ఇప్పుడు గాలి ఒక్కటే చాలదు. అది నెమ్మదిగా పనిచేసేలోపు పెట్రోలు వీధంతా పాకుతుంది. నిప్పురవ్వ పుట్టని మోటారు పెట్టి, మీ బావిలోంచే రేయింబవళ్లు తోడి, బొగ్గు పీపాల్లో శుభ్రం చెయ్యాలి. పీపాలకి మీ పెరడు సగం పోతుంది, కొన్నేళ్లపాటు. ఆరేసే చోటు లేని లాండ్రీ అంటే ఏమిటో నాకు తెలుసు. స్థలం మీది, కాదనే హక్కు మీకుంది. మీరు కాదంటే వెనక వీధి మొదట్లో కొత్త బావి తవ్వాలి, దానికి చాలా నెలలు పడుతుంది. మీరేం చెప్పినా నేను మీ పక్షమే.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడుగారికి,

జవాబు ఇంత ఆలస్యమైందని కోప్పడకండి. టీచరమ్మ బావి తేటపడ్డాకే రాద్దామని ఆగాను. మొన్న పరీక్ష చేసి, ఆ నీళ్లు ఇక నిక్షేపంగా తాగొచ్చన్నారు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

మీ ఉత్తరం వచ్చిన పూట పెరట్లో దుప్పట్లు ఆరేసే తీగల మధ్య నిలబడి, ఇందులో సగం పోతే మేమంతా ఎలా బతకాలి అనుకున్నాను. తర్వాత వెనక వీధిలోకి వెళ్తే టీచరమ్మ గుమ్మంలో బిడ్డకి స్నానం చేయిస్తోంది, ట్యాంకరు నీళ్లు ఎక్కడ అయిపోతాయోనని చెంబుతో కొంచెం కొంచెం పోస్తూ. ఇంక ఆలోచించేదేముంది? అధికారిని పిలిచి పెరడు చూపించాను.

లాండ్రీ గురించి బెంగ పెట్టుకోకండి. నేను నోరు తెరిచి ఎవర్నీ అడగలేదు. పీపాలు దించిన మర్నాడు టీచరమ్మ అత్తగారు వచ్చి, "మా మేడ మీద ఎండ ఊరికే పోతోంది, దుప్పట్లు పంపు" అంది. ఇప్పుడు వెనక వీధి మేడలన్నింటి మీదా ఆసుపత్రి దుప్పట్లే. మబ్బు పడితే ఎవరో ఒకరు తీసి మడతపెట్టి ఉంచుతున్నారు. పీపాల్లోంచి వచ్చే శుభ్రమైన నీళ్లు ఉతకడానికి వాడుకోవచ్చని అధికారి కూడా ఒప్పుకున్నాడు.

మీరు తలెత్తుకోలేకపోతున్నానని రాశారు. అలా అనకండి. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా? నాకు నష్టమని తెలిసీ నిజం రాశారు. మా అమ్మాయి ఎంపికకి మొదటిసారి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఈ మాట దానికి చెప్పకండి, నెత్తికెక్కుతుంది.

మీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నా మోటారు మోతకి వెనక వీధివాళ్లు ఏళ్లతరబడి నన్ను తిట్టిపోశారు. ఆపించమని అర్జీ కూడా పెట్టారు. నిన్న సాయంత్రం కరెంటు పోయి మోటారు ఆగింది. బంకాయన ఇచ్చిన జనరేటరు తిప్పేలోపే వీధి వీధంతా నా గుమ్మంలో ఉంది. అందరికంటే ముందు టీచరమ్మ అత్తగారు, రొప్పుతూ, "ఏమైంది, మోత వినపడట్లేదేం?" అంటోంది.

ఆ అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే.

మీకు ఎప్పటికీ రుణపడిన,
అత్తయ్య