కారుకు ఎంతుంది

సెప్టెంబర్ 2, 2025. మంగళవారం

జాబు రాసినట్టే మొదలుపెడుతున్నాను, వేరే రకం రాయడం నాకు రాదు. మా ఆయన ఎట్లా ఉన్నాడు? డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్నాడు, కాళ్ల వాపు కొంచెం తగ్గింది. కొడుకు స్టీవెన్ ఎట్లా ఉన్నాడు? నడుము నొప్పంటాడు, చూపించుకోడు. కోడలు జాస్మిన్ ఎట్లా ఉంది? బళ్లో పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయింది. విజయవాడలో మా బావ ఇశ్రాయేలు ఎట్లా ఉన్నాడు? జూన్‌లో పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి కుడి చెయ్యి లేవదు, మాట లేదు. ఆయన కూతురు ఎలిజబెత్ ఎట్లా ఉంది? ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నాననే అంటుంది. నేను ఎట్లా ఉన్నాను? బీపీ.

ఈ డైరీ జాస్మిన్ ఇచ్చింది. నా భయాలన్నీ అందరి చెవుల్లో పోయకుండా ఇందులో రాసుకోమంది. నవ్వుతూనే అంది. ఐదో తరగతి అక్షరాలు, వంకరగా ఉంటాయి. ఎవరూ చదవరు కదా.

సెప్టెంబర్ 4. గురువారం

మా ఆయనకు అన్నను ఒక్కసారి చూడాలని ఉంది. మూడు నెలల నుంచి అంటున్నాడు. అన్నాక ఊరుకుంటున్నాడు. ఊరుకున్నప్పుడు గోడ వైపు తిరుగుతాడు.

బస్సులో కూచోలేడు. స్టీవెన్ పాత పెట్రోల్ కారు అమ్మి బ్యాటరీ కారు తీసుకున్నాడు, అందులో పోదామంటున్నాడు. డయాలసిస్ మంగళ, గురు, శని. శనివారం అయ్యాక ఆదివారం పొద్దున బయలుదేరాలి, సోమవారం తిరిగి రావాలి, మంగళవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బెడ్డు మీద ఉండాలి. ఒక్కటి తప్పితే ఏమవుతుందో పోయినేడు చూశాను. ఊపిరి అందక మంచం మీద లేచి కూచుని నోరు తెరిచాడు. ఆ నోరు నాకు ఇంకా కనబడుతుంది.

స్టీవెన్ లెక్క ఏమిటంటే, ఇక్కడ కింద పార్కింగులో ఫుల్ చార్జింగ్ పెడితే విజయవాడ దాకా సరిపోతుంది. అక్కడ ఎలిజబెత్ ఇంట్లో రాత్రంతా పెడితే తిరిగి రావడానికి సరిపోతుంది. దారిలో ఎక్కడా ఆగనక్కర్లేదట. ఒకవేళ ఆగితే, అన్నాను. ఆగం అన్నాడు. ఆగిన చోట క్యూ ఉంటే, అన్నాను. లేచి స్నానానికి పోయాడు.

సెప్టెంబర్ 6. శనివారం

కారుకు ఎంతుంది అని అడిగాను. డెబ్బై రెండు అన్నాడు. మధ్యాహ్నం మళ్లీ అడిగాను. కారు నిలబడే ఉంది, ఎక్కడికీ పోలేదు, ఎట్లా తగ్గుతుంది అన్నాడు. నా బీపీ కూడా నేను కూచున్న చోటే పెరుగుతుంది కదా.

సెప్టెంబర్ 9. మంగళవారం

ఆయనను మిషన్ మీద పడుకోబెట్టారు. నాలుగు గంటలు. బయట కుర్చీలో కూచోలేక ఆటో ఎక్కి ఎల్బీనగర్ పోయాను. రింగురోడ్డు దగ్గర ఒక షాపుల బిల్డింగు వెనక చార్జింగ్ పాయింటు ఉందని విన్నాను. నా కళ్లతో చూడాలని.

కారుకు తగిలించే గన్నులు రెండు ఉన్నాయి. ఒకదానికి పనిచేయదని కాగితం అంటించారు. రెండోదాని ముందు నాలుగు కార్లు. ఒక కారులో ఒకాయన కాళ్లు కిటికీ బయట పెట్టి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒక్క క్షణం చనిపోయాడనుకున్నాను. ఇంకో కారు దగ్గర ఒక తల్లి పిల్లకు డబ్బాలోని అన్నం తినిపిస్తోంది. ఎంతసేపైందమ్మా అని అడిగాను. అన్నం పెట్టే టైమైందంటే చూడండి అంది. సిటీలో నయమట. సెలవుల్లో హైవే మీద ఇంతకు రెండింతలు కూచోవాలట.

తిరిగి వచ్చేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. ఎక్కడికి పోయావన్నాడు. టీ తాగడానికి అన్నాను.

సెప్టెంబర్ 13. శనివారం

తారీఖు ఖాయం చేశారు. ఇరవై ఒకటి, ఆదివారం. ఆ రోజు నుంచి జాస్మిన్‌కు దసరా సెలవులు. అందరి బళ్లకూ ఆ రోజు నుంచే సెలవులు, అందరూ అదే రోడ్డు మీద ఉంటారు అన్నాను. జాస్మిన్ నా ప్లేటులో ఇంకొక చపాతీ వేసింది.

సెప్టెంబర్ 17

కలలో కారు ఆగిపోయింది. అందరం దిగి తోస్తున్నాం. లోపల చూస్తే మా ఆయన లేడు.

సెప్టెంబర్ 20. శనివారం, సాయంత్రం ఏడు

స్టీవెన్ ఐదింటికి కారుకు ప్లగ్గు పెట్టాడు. పొద్దున్నకు వంద అవుతుందన్నాడు. ఆరున్నరకు ఉరమడం మొదలైంది. నాదర్‌గుల్ వైపు ఆకాశం అంతా తెల్లగా చీలుతోంది.

ఉరిమితే నేను ఇంట్లో ప్లగ్గులన్నీ తీసేస్తాను. టీవీ, ఫ్రిజ్, మిక్సీ, ఫోన్ వైరు. మా ఊళ్లో ఉన్నప్పుడు పక్కింటి అండాలమ్మ ఇంట్లో పిడుగుకు టీవీ మాడి, గోడ మీద మసి మనిషి ఆకారంలో మిగిలింది. అది చూసినప్పటి నుంచి అలవాటు.

అన్నీ తీశాక కారు గుర్తొచ్చింది. రేపు మమ్మల్ని మోసుకుపోవలసిన కారు. అది కాలితే? చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. పార్కింగులో నీళ్లు వచ్చాయి. స్విచ్చు ఆపి ప్లగ్గు తీసి పైకొచ్చాను. వాన తగ్గగానే పెట్టాలి.

సెప్టెంబర్ 21. ఆదివారం, తెల్లవారుజామున

పెట్టలేదు.

ఆయనకు పిక్కలు పట్టేశాయి. కాళ్లు నొక్కుతూ అట్లాగే ఆ కాళ్ల మీదే తల పెట్టి నిద్రపోయాను. ఇప్పుడు మెలకువ వచ్చి పరుగున పోయి పెట్టి వచ్చాను. పచ్చ లైటు వెలుగుతోంది. దేవా, ఒక్క గంటలో నింపు.

అదే రోజు, పొద్దున ఆరున్నర

యాభై నాలుగు.

వానకు కరెంటు పోయి ఉంటుందని స్టీవెన్ తనకు తానే అనుకున్నాడు. కరెంటోళ్లను తిట్టాడు. నేను మందుల డబ్బా సర్దుతున్నాను. చెప్పాలి. జాస్మిన్ వచ్చేవారం పోదామా అంది. మా ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కూచున్నాడు. కాళ్ల వాపుతో ఏడాది నుంచి వేసుకోని బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకుని మరీ. వాటిని చూసి నాకు నోరు రాలేదు. సూర్యాపేట దగ్గర ఒక గంట చార్జింగ్ పెడితే సరిపోతుంది అన్నాడు స్టీవెన్.

అదే రోజు, మధ్యాహ్నం

సూర్యాపేట. మా ముందు ఏడు కార్లు.

సెప్టెంబర్ 22. సోమవారం

ఇంట్లో ఉన్నాం. నిన్నటిది రాయకపోతే నాకు తల పేలిపోతుంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటడానికే చాలా సేపు పట్టింది. దేశమంతా పెట్టెలు కట్టుకుని ఆ రోడ్డెక్కింది. నేను రోడ్డు చూడలేదు, కారు అద్దం కింద ఆ అంకె చూస్తూ కూచున్నాను. నలభై. ముప్పై ఒకటి. ఏసీ ఆపమన్నాను. ఆపాడు. మా ఆయనకు చెమటలు పట్టాయి. మళ్లీ వేయమన్నాను.

చార్జింగ్ పాయింటు ఒక హోటలు వెనక ఉంది. రెండు గన్నులు. కార్లన్నీ నీడ ఎక్కడుంటే అక్కడ అడ్డంగా, నిలువుగా ఆపేసి ఉన్నాయి. ఎవరి తరువాత ఎవరో ఎవరికీ తెలియదు. మా ముందున్నది ఎర్ర కారని స్టీవెన్ కనుక్కొని, తండ్రిని బాత్రూముకు తీసుకుపోయాడు. జాస్మిన్ తినడానికి ఏమన్నా తెస్తానని పోయింది. మా ఆయన కారు దిగే ముందు నా చెయ్యి పట్టుకుని, తన రోగం సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎడమచేతి మీద సూదులకు లావెక్కిన నరం కనబడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

వాళ్లటు పోగానే ఒక తెల్ల కారు వచ్చి ఎర్ర కారు వెనక దూరబోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను. కారు నడపడం రాదు, జరపడం రాదు. దిగిపోయి నా చెప్పులు విడిచి ఎర్ర కారు వెనక జతగా పెట్టాను. రేషన్ షాపు దగ్గర పెట్టినట్టు. నేల కాలుతోంది. పక్కన నిలబడ్డాను.

తెల్ల కారులోంచి ఒకామె దిగింది. విజయవాడ మాట.

"ఏంటండీ పెద్దమ్మగారూ, యూరియా బస్తా కోసం వచ్చారా?"

నీడలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, కానీ చెప్పులు తీయలేదు.

"యూరియా అయితేంది, కరెంటయితేంది బిడ్డా. లైను లైనే. నీ కారు కంటె నా చెప్పులు ముందొచ్చినయ్."

ఎర్ర కారాయన పెద్దమ్మ చెప్పింది నిజమే అన్నాడు. వచ్చి నా చెప్పుల ముందు తన నీళ్ల సీసా పెట్టాడు. ఇంకొకాయన టిఫిన్ డబ్బా పెట్టాడు. ఒక పిల్ల బొమ్మ పెట్టింది. కాసేపటికి అందరికీ వరస దొరికింది. తెల్ల కారామె కూడా చివరికి కళ్లద్దాల డబ్బా తెచ్చి నా చెప్పుల వెనక పెట్టింది. నన్ను చూసి, కాళ్లు కాలతాయండీ అంటూ వాళ్ల కారులోని పట్టా ఒకటి తెచ్చి నా కాళ్ల కింద వేసింది. స్టీవెన్ తిరిగి వచ్చి తల పట్టుకున్నాడు.

వరస అయితే దొరికింది కానీ ఒక గన్ను ఆగిపోయింది. దాని మీది నంబరుకు ఫోన్ చేస్తే కంప్లయింటు రాసుకున్నామన్నారు. నాలుగైంది. ఇంకా ముగ్గురున్నారు. మా ఆయన ముఖం ఉబ్బింది. ఆయన డయాలసిస్ మనిషి, మమ్మల్ని ముందు పోనీయండి అని అందామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

మా వంతు వచ్చేసరికి పొద్దుగూకింది. చార్జింగ్ ఎక్కుతుండగా ఎలిజబెత్ ఫోన్ చేసింది. బావ చెవి దగ్గర పెట్టింది. బావ ఊఁ అన్నాడు. ఈయన కూడా ఊఁ అన్నాడు. అంతే మాట్లాడుకున్నారు.

ఏం చేద్దాం నాన్నా అని స్టీవెన్ అడిగాడు. ఇప్పుడు పోతే రేపు తిరిగి వచ్చేటప్పుడు ఇదే రోడ్డు, ఇదే క్యూ. నేనే అన్నాను, ఇంటికి పోదాం అని.

కారు తిప్పుతుంటే ఆయన వెనక అద్దంలోంచి విజయవాడ వైపు చూడలేదు. నన్నూ చూడలేదు.

సెప్టెంబర్ 23. మంగళవారం

టైముకు బెడ్డు మీద ఉన్నాడు. నేను కోరుకున్నది ఇదే. ఇంటికి వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. కోపమైతే అర్థమయ్యేది. కోపం కాదు.

సెప్టెంబర్ 25. గురువారం

బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి. తీసి లోపల పెట్టబోతే వద్దన్నాడు. నాలుగు రోజులకు ఆ ఒక్క మాట.

సెప్టెంబర్ 28. ఆదివారం

చర్చిలో వాక్యం నాకు ఒక్కటీ ఎక్కలేదు. ఇంటికి వచ్చి, స్టీవెన్, జాస్మిన్ బజారుకు పోయాక, ఆయన మంచం దగ్గర కింద కూచుని చెప్పాను. కరెంటు పోలేదు, ప్లగ్గు తీసింది నేను, మీ అన్నను చూడనీయకుండా చేసింది నేను అని.

"నాకు తెల్సు" అన్నాడు.

నేను తల ఎత్తలేదు.

"తడి కాళ్లతోని పైకొచ్చినవ్. టీవీ తీసినవ్, ఫ్రిజ్ తీసినవ్, కారు ఇడుస్తవా? నువ్వు నా కాళ్లు వట్టుకొని నిద్రవోతే, లేపుదామా, ప్లగ్గు వెట్టి రమ్మందామా అనుకున్న. లేపలే."

ఎందుకు లేపలేదు అని అడిగాను. గోడ వైపు తిరిగాడు.

"మా అన్న మాటలేకుంట పండుకున్నది చూడాలె. అది తలుసుకుంటె నాకు భయమైంది కిష్టమ్మా. సూర్యాపేటల నువ్వు ఇంటికి పోదామన్నంక పాణం నిమ్మలమైంది. గందుకే నీ మొకం జూడలేకపోయిన."

నలభై ఆరేళ్లుగా ఇంట్లో భయమంతా నాదే అనుకున్నాను. ఆయన దగ్గర కూడా ఉంటుందని నాకు తెలియదు. తెలిశాక ఇంకా భయమేసింది. ఆయనకు లేదు కదా అని నేను ధైర్యంగా భయపడేదాన్ని.

మరి ఇప్పుడేం చేద్దాం అన్నాను.

"బూట్లు తియ్యకు" అన్నాడు.

సెప్టెంబర్ 30. మంగళవారం

డయాలసిస్ సిస్టరును అడిగాను. వేరే ఊళ్లో ఒక రోజు చేయిస్తారా అని. చేయిస్తారట. పెళ్లిళ్లకు పోయేవాళ్లు అట్లాగే చేయించుకుంటారట, రిపోర్టుల జిరాక్సులు తీసుకుని పోతే చాలట. ఇన్ని రోజులు ఎందుకు అడగలేదమ్మా అంది. అడిగితే కాదంటారేమో అని.

ఎలిజబెత్‌కు ఫోన్ చేశాను. వాళ్ల ఇంటికి రెండు వీధుల అవతల డయాలసిస్ సెంటరు ఉందట, పోయి మాట్లాడింది. మంగళవారం బెడ్డు ఇస్తామన్నారు. అంటే సోమవారం తిరిగి రావలసిన పని లేదు. అక్కడే చేయించుకుని బుధవారం రావచ్చు. దారిలో ఏడు కార్లుంటే ఉండనీ, కూచుంటాం.

స్టీవెన్‌కు కూడా ప్లగ్గు సంగతి చెప్పాను. నన్ను చూశాడు, వాళ్ల నాన్నను చూశాడు, కిందికి పోయి స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించి వచ్చాడు. జాస్మిన్ దాని మీద అత్తమ్మ ముట్టరాదు అని రాసిందట. నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. తరువాత, ప్లాస్టర్ వేడికి కరిగి అంటుకుంటే ఏమవుతుంది అని అడిగాను.

అక్టోబర్ 7. మంగళవారం

సాయంత్రం ఉరిమింది. టీవీ తీశాను. ఫ్రిజ్ తీశాను. మెట్ల దాకా పోయాను. ఆయన మంచం మీద నుంచి, కూచో అన్నాడు. పక్కన కూచున్నాను. ఆయన చెయ్యి కూడా చల్లగానే ఉంది.

అక్టోబర్ 9. గురువారం

ఆయన బాగున్నాడు. స్టీవెన్ బాగున్నాడు. జాస్మిన్ గొంతు వచ్చింది. ఎలిజబెత్ బాగున్నానంది. బావ తారీఖు వినగానే ఊఁ అన్నాడట. కారు తొంభై ఒకటి. నేను ఎప్పటిలాగే.

పాత చెప్పులు ఒక జత సంచిలో పెట్టాను, లైనుకు.

పన్నెండో తారీఖు, ఆదివారం, పొద్దున ఐదున్నరకు బయలుదేరడం.